వన్స్‌మోర్ కొట్టించుకోవడం ఎలా?

"నీ పని బాగానే ఉంది, కానీ విజిబిలిటీ లేదు."

ఐటీలో పదేళ్లు దాటినవాళ్లలో ఈ ముక్క ఒక్కసారి కూడా విననివాళ్లెవరైనా ఉంటే చెయ్యెత్తండి. నాకైతే వరసగా రెండు అప్రైజల్స్‌లో ఇదే పాట. మొదటిసారి నవ్వి ఊరుకున్నాను. రెండోసారి, నా వెనక చేరినవాడు నా పైకెళ్లి కూర్చున్నాక నవ్వు రాలేదు. సరే, ఈ విజిబిలిటీ అనే బ్రహ్మపదార్థం సంగతేదో తేల్చుకుందామని ఒక ఏడాదిపాటు నడుం కట్టాను.

ఆ ఏడాదిలో నేను నేర్చిన విద్యలు కొన్ని చెప్తాను, నవ్వకండి. పని సాయంత్రం ఐదింటికే అయిపోయినా మెయిల్ మాత్రం రాత్రి పదకొండున్నరకి పంపడం. మీటింగ్ మొదలైన ఐదు నిమిషాల్లోపు ఒక ప్రశ్న వెయ్యడం (జవాబు తెలిసిన ప్రశ్నయితే ఇంకా మంచిది). ఎవరైనా పెద్దాయన మెయిల్ పెడితే అందరికంటే ముందు "రిప్లై ఆల్" కొట్టి మెచ్చుకోవడం. ఒకే స్క్రిప్టుని మూడు టీములకి మూడు పేర్లతో డెమో ఇవ్వడం.

పనిచేశాయండీ. అదే ఇక్కడ బాధ. పనిచెయ్యకపోతే ఇదంతా రాసేవాణ్ణే కాదు.

మొన్న సంక్రాంతికి రేపల్లె వెళ్లినప్పుడు మా పెదనాన్న దగ్గర కూర్చుని, నా ఘనకార్యాలన్నీ కాస్త గొప్పగానే చెప్పుకొచ్చాను. మా పెదనాన్నకి డెబ్భై ఎనిమిది. ముప్ఫై ఏళ్లకి పైగా పద్యనాటకాలకి హార్మణీ వాయించాడు. తెనాలి, వేమూరు, బాపట్ల, చెరుకుపల్లి... ఎక్కడ నాటకమంటే అక్కడికి పెట్టె ఎత్తుకుని వెళ్లిపోవడమే. నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, "ఇందులో కొత్తేవుందిరా? ఇవన్నీ మా స్టేజీ మీద ఎప్పట్నుంచో ఉన్నయ్యేగా" అన్నాడు.

తర్వాత ఒక్కొక్కటీ లెక్కపెట్టి చెప్పాడు. ఆయన చెప్పినవాటికి నాకు తెలిసినవి కలిపి ఇక్కడ పెడుతున్నాను. ఇదంతా స్టేజీ సంగతే, ఆఫీసుకి ఎక్కడ ఎలా సరిపోతుందో మీరే చూసుకోండి.

మొదటి రకం: వన్స్‌మోర్.

పద్యనాటకం చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. పద్యం చివరి పాదం అయిపోయాక రాగం అందుకుంటాడు నటుడు. అలా లాగీ లాగీ జనం ఊపిరి బిగబట్టాక వదుల్తాడు. "వన్స్‌మోర్!" అని ఒక కేక. మళ్లీ అదే పద్యం. ఇంకో వన్స్‌మోర్, ఇంకోసారి పద్యం. ఆ మొదటి కేక వేసేవాడు ముందు వరసలో కూర్చున్న నటుడి బావమరిదే అయ్యుండొచ్చు, అది వేరే సంగతి :)

"మొదట్లో జనం అడిగితే పాడేవాళ్లు. తర్వాత్తర్వాత అడిగించుకోడానికి పాడేవాళ్లు. తెల్లారిపోయేది గానీ కురుక్షేత్రం వచ్చేది కాదురా" అన్నాడు పెదనాన్న. రాయబారం సీనులోనే కోళ్లు కూసిన రాత్రులు ఆయనకి బోలెడన్ని గుర్తున్నాయి.

రెండో రకం: రెండో కృష్ణుడు.

కాంట్రాక్టు నాటకాల్లో ఒక వింత ఉండేది. ఒకే నాటకంలో ఒకే వేషాన్ని ఇద్దరు ముగ్గురు పేరున్న నటులు పంచుకునేవాళ్లు. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని వాల్‌పోస్టర్ల మీదే వేసేవాళ్లు. మొదటాయన తెర వెనక్కి వెళ్లగానే అదే కిరీటంతో రెండో ఆయన వస్తాడు. ఇక కథ ఎవడిక్కావాలి? ముందువాడికంటే నేను ఎన్ని మెట్లు పైన పాడానన్నదే లెక్క. "ఎదురుగా ఉన్న దుర్యోధనుడితో కాదు, లోపల టీ తాగుతున్న ఇంకో కృష్ణుడితో యుద్ధం" అని నవ్వాడు. ఒకే మాడ్యూల్ మీద ఇద్దరు ఆర్కిటెక్టుల్ని పెట్టిన ప్రాజెక్టు ఎవరైనా చూశారా? నేను చూశాను.

మూడో రకం: చదివింపులు.

పద్యం మధ్యలో ఎవరో స్టేజీ ఎక్కి నటుడి చొక్కాకి నోటు గుచ్చుతారు. మైకులో "ఫలానా వారు ఫలానా వారి గాత్రానికి మెచ్చి నూటపదహార్లు" అని చదువుతారు. బావుంది. కానీ మన పెళ్లిళ్లలో చదివింపులకి ఒక పుస్తకం ఉంటుందని మీకు తెల్సుగా. వాళ్లు మనకెంత చదివించారో మనం వాళ్లకీ అంత చదివించాలి. స్టేజీ మీదా అంతే. ఈ ఊరి పెద్దమనిషి ఆ ఊరి నటుడికి చదివిస్తే, ఆ ఊరివాళ్లు వచ్చి ఈ ఊరి నటుడికి చదివిస్తారు. పాట ఎలా ఉందన్న ప్రశ్న ఎక్కడా రాదు. మా ఆఫీసులో నెలాఖరుకి ఒకరికొకరు పంపుకునే అభినందన మెయిళ్లు గుర్తొచ్చి నేను కాస్త ఇబ్బందిగా కదిలాను. నా పుస్తకంలో కూడా బాకీలున్నాయి మరి.

నాలుగో రకం: జగడం.

ఇది నేను కలిపింది. పెదనాన్న హార్మణీకి ముప్ఫై ఏళ్లు తిండి పెట్టిన పాండవోద్యోగ విజయాలు రాసింది తిరుపతి వెంకటకవులు. ఆ జంట మీసాలు పెంచి, మమ్మల్ని గెలిచినవాళ్లుంటే తీసేస్తాం రమ్మని సవాలు చేసినవాళ్లు. వాళ్లకీ మన పల్నాడు వైపు కొప్పరపు సోదర కవులకీ నడిచిన పోటీలో అభిమానులు కూడా రెండు పక్షాలైపోయారు. జగడంలో ఉన్న సౌకర్యం ఏంటంటే, కవిత్వం అర్థం కానివాడు కూడా పక్షం ఎంచుకోగలడు. జనం పెరగడానికి అంతకన్నా సులువైన మార్గం ఇప్పటికీ ఎవరూ కనిపెట్టలేదు.

అయితే జగడాలన్నీ ఒకటి కావు. తెనాలిలో సూతాశ్రమం కట్టుకున్న త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో 'శంబుకవధ' రాసినప్పుడు ఆయనకీ కావలసినంత గొడవ దొరికింది. కానీ అది ఆయన నమ్మిన విషయం, గొడవ దాని వెనకాల వచ్చింది. ఈ రెంటికీ తేడా ఎలా తెలుస్తుంది అంటే, నాకు తోచిన పరీక్ష ఒకటే: చప్పట్లు ఆగిపోయాక కూడా ఆ మనిషి అదే మాట మీద ఉన్నాడా? ఆయన 1943లో పోయేదాకా ఉన్నాడు.

ఇంతవరకూ చెప్పాక పెదనాన్నని అడిగాను. "మరి ఇవన్నీ పనిచేస్తాయి కదా. చేస్తే తప్పేంటి?"

"తప్పని నేనన్లేదే. జనం నీకు పాట నేర్పుతారురా. నువ్వు వాళ్లకి నేర్పుతున్నా అనుకుంటావు. పదేళ్లయ్యాక చూసుకుంటే వాళ్లు చప్పట్లు కొట్టిన ముక్కే నీకు మిగుల్తుంది. మిగతాదంతా మర్చిపోతావు."

ఆయనకి తెలీదు గానీ దీనికి మన భాషలో ఒక పేరుంది. ఛార్లెస్ గుడ్‌హార్ట్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త 1975లో ద్రవ్య విధానం గురించి చెప్పిన మాట అది. దాన్నే 1997లో మెరిలిన్ స్ట్రాథర్న్ అనే ఆంత్రోపాలజిస్ట్ అందరికీ అర్థమయ్యేలా తిరగరాసింది. ఒక కొలతని లక్ష్యంగా పెట్టుకున్నామంటే ఇక అది కొలతగా పనికిరాదు అని దాని సారాంశం. కోడ్ లైన్లు లెక్కపెడితే లైన్లు పెరుగుతాయి, మూసిన బగ్గుల్ని లెక్కపెడితే చిన్న చిన్న బగ్గులు పుట్టుకొస్తాయి, వన్స్‌మోర్‌లు లెక్కపెడితే కురుక్షేత్రం రాకుండానే తెల్లారుతుంది!

ఈ రాగాల జాతర మీద తిరగబడ్డవాళ్లూ లేకపోలేదు. బళ్లారి రాఘవ (1880-1946) లాంటివాళ్లు నటుడు పాత్రలో ఉండాలి గానీ రాగంలో కాదని పోరాడారు, ఆడవేషాలు ఆడవాళ్లే వెయ్యాలన్నారు. గొప్పవాళ్లే. కానీ మా పెదనాన్న రాఘవ గారి దారి చెప్పలేదు. స్థానం గారి దారి చెప్పాడు.

స్థానం నరసింహారావు 1902లో బాపట్లలో పుట్టారు. నేను అదే బాపట్లలో నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివాను. భావనారాయణస్వామి గుడి తెలుసు, సూర్యలంక బీచ్ తెలుసు, ఏ హోటల్లో దోసె బావుంటుందో తెలుసు, ఈయన మాత్రం తెలీదు! సిగ్గుచేటు, ఏం చేస్తాం. హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి వేషం వెయ్యాల్సినవాడు రాకపోతే ఈయన్ని ఎక్కించారనీ, అలా మొదలైందనీ చెప్తారు. తర్వాత తెనాలి రామవిలాస సభలో చేరి సత్యభామ, చిత్రాంగి, మధురవాణి, చింతామణి... మొత్తం ఆంధ్రదేశాన్ని ఊపేశారు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. 1971లో పోయారు.

శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామ పాడే 'మీరజాలగలడా' పాట ఆయనే రాసుకున్నారంటారు. 1966లో వచ్చిన సినిమాలో సుశీల గారి గొంతులో మనందరం విన్నదే. మా తాతయ్య దాన్ని తెనాలిలో స్థానం గారు ఆడగా చూశాట్ట. ఆ కథ మా ఇంట్లో చాలాసార్లు చెప్పుకుంటారు. జనం వన్స్‌మోర్ అంటారు. ఆయన మళ్లీ అదే పల్లవి ఎత్తుకుంటాడు, కానీ ఈసారి చూపు వేరు. మొదటిసారి అదే మాటలో గర్వం ఉంటే, రెండోసారి మొగుడి మీద నమ్మకం ఉంటుంది, మూడోసారి ఎక్కడో లోపల చిన్న అనుమానం కనిపిస్తుంది. మాటలు అవే, మనిషి మాత్రం వేరే.

"చూశావా? ఆయనా వన్స్‌మోర్ ఇచ్చాడు. కానీ అడిగినోడికి అడిగింది ఇవ్వలా. వాడు అడగడం తెలీనిది ఇచ్చాడు" అన్నాడు పెదనాన్న.

నాకు ఇది చాలా నచ్చింది. ఎందుకంటే "ఫలితం ఆశించకుండా పని చేసుకుపో" అనే ఉపదేశం నాకెప్పుడూ అతకలేదు. స్థానం గారికి జనం కావాలి. చీర కట్టు దగ్గర్నుంచి చెయ్యి తిప్పడం దాకా అంత శ్రద్ధ ఎవరి కోసం? జనం కోసమే. చప్పట్లు వద్దనుకున్న మనిషి కాదాయన. చప్పట్లకి దొరికిపోలేదు, అంతే.

దీనికి పూర్తిగా అవతలి కొస కూడా తెనాలిలోనే ఉంది. 1908లో పుట్టిన చక్రపాణి, 1909లో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు ఇద్దరూ తెనాలి వాళ్లే. చక్రపాణి నాగిరెడ్డితో కలిసి 1947 జులైలో మద్రాసులో చందమామ మొదలుపెట్టారు. కుటుంబరావు 1952లో అందులో చేరి 1980లో చనిపోయేదాకా దాన్ని నడిపారు. ఇరవై ఎనిమిదేళ్లు! ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కథలన్నిటికీ ఆయన చెయ్యి పడి, ఒకే తేటతెలుగులోకి వచ్చేవి. సంపాదకుడిగా ఆయన పేరు మాత్రం పత్రిక మీద వేసేవాళ్లు కాదు. చదివే పిల్లలకి ఆయనెవరో తెలీదు. తెలుగు చదవడం చందమామతో నేర్చుకున్న మనలో ఎంతమందికి, ఆ వాక్యాలు ఎవరివో పెద్దయ్యేదాకా తెలుసు?

ఈ ముక్క పెదనాన్నకి చెప్తే కాసేపు మాట్లాడలేదు. గోడవార గుడ్డ కప్పి ఉన్న హార్మణీ వైపు చూసి, "ఇన్ని నాటకాలు చూశావుగా, హార్మణీకి ఎవరన్నా వన్స్‌మోర్ కొట్టడం విన్నావా?" అన్నాడు.

వినలేదు.

"ఆ రాగం తీసేటప్పుడు వాడు శ్రుతి తప్పితే కిందనుంచి పట్టుకునేది నేను. వాడికి ఊపిరి చాలకపోతే నా వేళ్లు వాడి బదులు సాగుతయ్యి. జనానికి తెలీదు. తెలియక్కర్లేదు కూడా. నాకు డబ్బులిచ్చారు, భోజనం పెట్టారు. కానీ ఒక్కడున్నాడు... భట్టిప్రోలులో నాటకం. కృష్ణుడు వేసినాయన మూడో వన్స్‌మోర్ అవగానే పాట ఆపేసి, స్టేజీ పక్కకి తిరిగి, 'ఈ చప్పట్లలో సగం ఆ పెట్టెవి' అని నాకు దణ్ణం పెట్టాడు. ముప్ఫై ఏళ్లలో ఒక్కసారి. ఆరోజు నేనేసుకున్న చొక్కా రంగు కూడా చెప్తా."

నిజంగానే చెప్పాడు. లేత నీలం.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మీకు ఇందాకటి లిస్టులో చెప్పని విద్య ఇంకోటి ఉంది. మూడు నెలల క్రితం ఒక పెద్ద డెమో ఇచ్చాను. రోజూ అర్ధరాత్రి నడిచే ఒక బ్యాచ్ జాబ్ వారానికి రెండుసార్లు చచ్చిపోయేది, ఎవరికీ కారణం అంతుచిక్కలేదు. మా టీములో కొత్తగా చేరిన ఒక అమ్మాయి రెండు రాత్రులు కూర్చుని లాగ్‌లన్నీ తవ్వి, రెండు ప్రాసెస్‌లు ఒకదాని లాక్ కోసం ఇంకోటి కాచుక్కూచుంటున్నాయని పట్టేసింది. స్లైడులు నేను చేశాను. డెమో నేను ఇచ్చాను. "నేను గమనించిందేమిటంటే" అని మొదలుపెట్టాను.

అబద్ధం చెప్పాలని ప్లాన్ వేసుకోలేదండీ. నోట్లోంచి "మేము" రావాల్సిన చోట "నేను" వచ్చింది. సరిదిద్దుకునేలోపు పైనుంచి ఒకాయన "బ్రిలియంట్" అన్నాడు. ఇక సరిదిద్దుకోబుద్ధి కాలేదు. ఆ అమ్మాయి కూడా ఆ కాల్‌లోనే ఉంది. తర్వాత నేను "టైమ్ లేక నీ పేరు చెప్పడం కుదర్లేదు" అని గొణిగితే, "పర్లేదన్నా" అంది. ఆ ఏడాది అప్రైజల్లో నా విజిబిలిటీ బాగా పెరిగిందని రాశారు.

తిరుగు ప్రయాణంలో రేపల్లెలో రైలెక్కాను. పల్లెకోన దాటగానే భట్టిప్రోలు. చిన్నప్పట్నుంచి ఎన్నిసార్లు ఆ స్టేషన్ దాటానో లెక్కలేదు. అక్కడి బౌద్ధ స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ అనే ఆయన తవ్వకాల్లో రాతి పేటికలు బయటపడ్డాయి. వాటిమీద లిపి క్రీస్తు పూర్వం మూడో శతాబ్దానికి అటూ ఇటూ అంటారు. ఏం రాసుందయ్యా అంటే, ఎక్కువభాగం పేర్లే! కుర అనేవాడు, వాడి తల్లి, తండ్రి, గోష్ఠిలో ఉన్న సభ్యులు ఒక్కొక్కరి పేరూ వరసగా. ఇంతాచేసి ఆ పేటికలు స్తూపం లోపల పెట్టి మూసేసేవి. పైకి ఎవరికీ కనిపించవు. విజిబిలిటీ సున్నా. అయినా సరే, పనిలో చెయ్యి వేసిన ఒక్కడి పేరూ వదలకుండా రాతిమీద చెక్కారు. మన ఐటీ వాళ్ల లెక్కలో చెప్పాలంటే రిలీజ్ నోట్స్ అన్నమాట.

తెనాలి వచ్చేలోపు ఫోన్‌లోనే మెయిల్ టైప్ చేశాను. ఆ డెమోకి పిలిచిన అదే లిస్టుకి. ఆ లాక్ సమస్యని కనిపెట్టింది ఎవరో, ఎన్ని రాత్రులు పట్టిందో, నేను చేసింది స్లైడులు మాత్రమేననీ నాలుగు వాక్యాలు. పంపేటప్పుడు టైమ్ చూశాను, మధ్యాహ్నం రెండున్నర. పదకొండున్నర దాకా ఆగాలనిపించలేదు :)

దీనివల్ల అద్భుతాలేం జరగలేదు. మా మేనేజర్ "ఇప్పుడెందుకు ఇదంతా?" అన్నాడు. పైనున్న పెద్దాయన ఆ అమ్మాయికి ఒక్క లైను పంపాడు. ఆ అమ్మాయి రెండు రోజులు ఏం మాట్లాడలేదు. మూడోరోజు చాట్‌లో రాసింది: "థాంక్స్ అన్నా. కానీ ఆరోజే చెప్పి ఉంటే బావుండేది."

నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు. "అవును" అని మాత్రం రాశాను.

ఈసారి అప్రైజల్ ఇంకో రెండు నెలల్లో ఉంది. రాత్రి మెయిళ్లు మానేశాను, చదివింపుల పుస్తకం మూసేశాను. ప్రశ్నలడగడం మానలేదు గానీ జవాబు తెలీనివే అడుగుతున్నాను. డెమోలు ఇస్తూనే ఉన్నాను, నాకూ చప్పట్లు కావాలి మరి, సన్యాసినేం కాదు. మొదటి స్లైడులో మాత్రం ఎవరు ఏం చేశారో పేర్లు ఉంటాయి.

ఇదంతా ఫోన్ చేసి పెదనాన్నకి చెప్పాను. అంతా విని, "పోన్లే, ఆలస్యమైనా అన్నావు" అన్నాడు. తర్వాత కాసేపాగి, "ఇంతకీ ఆ అమ్మాయికి హార్మణీ నేర్చుకోడం ఇష్టమేమో కనుక్కో. పెట్టె ఊరికే పడుంది" అన్నాడు.